స్త్రీవేషధారులును మన విమర్శకులును

గడచిన శీతకాలమున ఒక శనివారపు సాయంకాలము మాదాపూరు శిల్పారామమునకు భామాకలాపము చూచుటకై పోయితిని. చుట్టును హైటెక్ సిటీ అద్దాల మేడలలో దీపములు వెలుగుచుండెను. ఆ మేడల నీడలోనే, పట్టిన తెర వెనుకనుండి ఒక జడ పైకి లేచి తెరమీద వ్రాలెను. కూచిపూడివారి సంప్రదాయమున సత్యభామ మొగము చూపుటకు ముందే జడను చూపును. ఆ జడ ధరించినవాడు పురుషుడు. అందును నడివయసు దాటినవాడు. తెర తొలగిన కొంతసేపటికే ఆ సంగతి మేము మరచితిమి. విరహమును అభినయించిన చోట నా ప్రక్కనున్న గృహిణి యొకతె కన్నులు తుడుచుకొనెను.

నా వెనుక వరుసలో ఇద్దరు యువకులు కూర్చుండిరి. కచేరీనుండి తిన్నగా వచ్చిరి కాబోలు, మెడలలో కంపెనీ గుర్తింపు కార్డులు వ్రేలాడుచుండెను. ఆట ముగిసి చప్పట్లు మ్రోగుచుండగా వారిలో ఒకడు, "బాగా చేశాడు కదరా! ఆయనకు పెళ్లయిందంటావా?" అని యడిగెను. రెండవవాడు ఎక్కడ వినెనో గాని, "ఆఁ, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారట" అనెను. "అయితే సరే" అని మొదటివాడు తృప్తుడయ్యెను.

ఆ "అయితే సరే" అను మాట ఇంటివరకు నన్ను వెంబడించినది. ఏది సరియైనది? ఆ నటుని అభినయమా? అది అంతకుముందే సరియైనదని ఆ బాలుడే చప్పట్లతో ఒప్పుకొనెను. మరి ఇంకేదో సరిపడవలసి యుండెను. ఆ యువకుని నేను తప్పు పట్టను. ఆతడు అడిగిన ప్రశ్న ఆతనిది కాదు. మన రంగస్థల విమర్శ తరతరములుగా అడుగుచు వచ్చిన ప్రశ్న అది; ఆతడు దానిని తెలియకయే వారసత్వముగా పొందెను.

స్త్రీవేషధారులను గూర్చి నేను చదివిన ప్రశంసావ్యాసములలో ఒక వాక్యము తరచుగా ఎదురగును. రంగముమీద ఆయన నఖశిఖపర్యంతము స్త్రీయే. రంగము దిగిన క్షణమున సంపూర్ణ పురుషుడు, ఆదర్శ గృహస్థుడు. మొదటి భాగము విమర్శ. రెండవ భాగము పూచీకత్తు. మొదటి దానికి రెండవది ఏల కావలసివచ్చెను? రావణ వేషధారిని పొగడునపుడు, ఇంటికడ ఆయన పరదారాపహరణము చేయడని ఎవరును వ్రాయరు. హరిశ్చంద్రుని వేషము వేసినవాడు ఇంటికడ అబద్ధములాడునా యని విచారించినవారు లేరు. చీరె కట్టినవానికి మాత్రమే ఈ పూచీ యవసరమైనది.

ఈ పూచీకత్తు ఎక్కడనుండి వచ్చినదో చూడవలెనన్న, ఆ చీరె మగవానికి ఎట్లు చేరెనో ముందు చూడవలెను. మన సంస్కర్తల చేయి ఇందులో కొంత కలదు. కలావంతుల ఆట పాటలు శీలమునకు హానికరములని వీరేశలింగము పంతులుగారు మొదలుకొని రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి వరకు పెద్దలు పోరాడిరి. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధ శాసనము వచ్చెను. ఆ పోరాటమునందలి సదుద్దేశమును నేను కాదనను. అందువలన బాలికలు కొందరు ఒక ఘోరమైన వృత్తినుండి తప్పింపబడిరి. కాని దాని ఫలములలో ఒకటి, నాట్యము తెలిసిన స్త్రీలే రంగమునుండి దూరమగుట. కుల స్త్రీలు రంగమెక్కరు, కలావంతులు ఎక్కగూడదు. మిగిలినది మగవాడు. ఆ విధముగా మన నాటకసభలు పేరుపడిన కాలమున సత్యభామయు, చంద్రమతియు, చిత్రాంగియు మీసములు గొరిగించుకొన్న పురుషులైరి.

అన్ని సమాజములును ఇట్లు చేసినవని కాదు. 1885లో కడప మండలమున సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభివారు కుటుంబమునే సమాజము చేసికొనిరి. వారి స్త్రీలు రంగమెక్కిరి. భర్త కృష్ణుడైన భార్య సత్యభామ యగును, కోడలు రుక్మిణి యగును. ఈనాడు వారి కుటుంబములు కొన్ని శేరిలింగంపల్లి సురభి కాలనీలో, ఈ కంప్యూటరు కచేరీలకు కూతవేటు దూరముననే, కాపురమున్నవి. వారి విషయమున ఆ యువకుని ప్రశ్న పుట్టనే పుట్టదు. బళ్ళారి రాఘవాచార్యులుగారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, చదువుకొన్న స్త్రీలను రంగమునకు దెచ్చిరి. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలియు అదే త్రోవ ద్రొక్కెను. వీరందరి వాదము న్యాయమైనదే. స్త్రీ యుండగా స్త్రీ పాత్ర మగవానికి ఏలయని అడుగుట వేరు. స్త్రీ పాత్ర వేసిన మగవాడు మగవాడేనా యని అడుగుట వేరు. మన విమర్శ ఈ రెండు ప్రశ్నలను కలిపివేసెను.

ఆ వేషధారులలో అగ్రగణ్యులు స్థానం నరసింహారావుగారు. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి రామవిలాస సభలో పేరుకెక్కి, 1956లో పద్మశ్రీ పొంది, 1971లో గతించిరి. శ్రీకృష్ణతులాభారమున సత్యభామ, చింతామణి, రోషనార, కన్యాశుల్కమున మధురవాణి వారి ప్రసిద్ధ పాత్రలు. తులాభారమునకు వారు స్వయముగా చేర్చిన సత్యభామ పాట 1966లో చలనచిత్రమున జమునగారి పాత్రకు సుశీలగారి కంఠమున వినబడెను. ఈ సంగతిని ఒక్కసారి నిలిచి చూడుడు. ఒక పురుషుడు తన కొఱకు, తన నడకకు, తన కనుబొమకు తగునట్లు కూర్చుకొన్న గర్వమును తరువాతి తరమున ఒక స్త్రీ నేర్చుకొని ధరించెను. తెలుగు సత్యభామ యనగా నేడు మన కన్నులయెదుట నిలుచు రూపమున ఏది స్త్రీలది, ఏది స్థానంవారిది యని విడదీయుట ఎవరితరము?

స్థానంవారి కళను గూర్చి చెప్పదగినది ఎంతయో కలదు. మధురవాణి సంగతి చూడుడు. గురజాడవారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది. 1909లో పెంచి మార్చి ప్రకటింపబడినది. సంస్కరణకై వ్రాసిన నాటకమని మనము దానిని పూజింతుము. ఆ నాటకపు ముడి యంతయు వేషము మార్పిడిమీద నిలిచియున్నదని మాత్రము ఎంతమంది గమనించిరి? కరటకశాస్త్రి నాటకములాడు విదూషకుడు. ఆతని శిష్యుడు ఆడుపిల్ల వేషమున లుబ్ధావధానులకు భార్యగా అంటగట్టబడును. కన్యాశుల్కమను దురాచారమును ఓడించునది ఉపన్యాసము కాదు, శాసనము కాదు. చీరె కట్టిన ఒక బాలుడు. ఇక చివరి అంకమున మధురవాణి పురుషవేషము ధరించి సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చును. స్థానంవారు మధురవాణి యైనపుడు ఈ ఘట్టమున మగవాడు స్త్రీయై, ఆ స్త్రీ మరల మగవాడై నిలిచెను. సౌజన్యారావు వేశ్య మొగము చూడని వ్రతము పట్టినవాడు. వచ్చినది యువకుడనుకొన్నంతవరకు ఆయన మాటలలో ఎంత సౌలభ్యము! స్త్రీ యని తెలిసినతోడనే ఎంత సంకోచము!

మన సంస్కర్తల మనస్సు ఇంత తేటగా మరెక్కడను కనబడదు. వారి కావలి యంతయు స్త్రీ గుమ్మమువద్దనే. మగవాని గుమ్మమునకు తాళము లేదు. మగవాడు మగవానితో నుండుట శీలమునకు రక్ష యని వారి నమ్మకము. కనుకనే ముప్పది మంది మగవారు ఒకే సత్రమున నెలల తరబడి మకాముండి, ఒకరి జడ ఒకరు అల్లి, ఒకరి పాదములకు ఒకరు పారాణి పూసి, రాత్రి కృష్ణుడు సత్యభామ పాదములపై పడగా, తెల్లవారి ఇద్దరును ఒకే కంచమున ఫలాహారము చేసినను ఎవరికిని తప్పుగా తోచలేదు. వారి నడుమ ఉండినది ఏమి? స్నేహమా? వలపా? కొందరికి ఇది, కొందరికి అది, అనేకులకు పేరు పెట్టవలసిన పని లేనిది యని నా యూహ. ఏ యొక్క నటుని గూర్చియు నేను నిర్ణయము చేయను. చేయుటకు నాకు హక్కు లేదు, ఆధారము లేదు. గతించినవారిపై అపవాదు వేయుట ఎంత తప్పో, వారి తరపున ప్రమాణము చేయుటయు అంతే తప్పు. మన విమర్శ మొదటి తప్పునకు భయపడి, రెండవ తప్పును ధారాళముగా చేసినది.

ప్రమాణము చేసినచో ఎవరికి నష్టమని కొందరు అడుగవచ్చును. నష్టము జరిగినది, దానిని శాసనముల పుస్తకమునుండియే చూపగలను.

నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకుల శాసనమని ఒకటి పుట్టెను. యూనక్స్ ఆక్టు అని దాని ఆంగ్లనామము. దాని ప్రకారము, నపుంసకుడగువాడు వీధిలోగాని బహిరంగస్థలమునగాని ఆడవేషమున కనబడినను, ఆభరణములు ధరించినను, ఆడినను, వాయించినను, పోలీసులు వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్లవరకు ఖైదు వేయవచ్చును. నపుంసకుడెవడు? తానే ఒప్పుకొన్నవాడు, లేదా వైద్యుని పరీక్షలో అట్లు తేలినవాడు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మటను ఈ శాసనము తెలంగాణ ప్రాంతమున నిలిచియుండెను. ఆ సంవత్సరముననే స్థానంవారికి పద్మశ్రీ వచ్చెను. చీరెలో తేడా లేదు, గజ్జెలో తేడా లేదు, సత్యభామ నడకలో తేడా లేదు. ఒకరికి పతకము, ఒకరికి ఖైదు. రెంటికి నడుమనున్న గీటు ఏది? "ఆయనకు పెళ్లయిందా?" అను ప్రశ్నయే. మన విమర్శకులు ఇచ్చిన పూచీకత్తును చదివి, పూచీ లేనివారిని ప్రభుత్వము పట్టుకొనెను. విమర్శకులు శాసనము చేయలేదు, నిజమే. కాని శాసనము అడిగిన ప్రశ్ననే వారును అడిగిరి, అదే సమాధానమును మెచ్చిరి.

ఆ శాసనమును తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023 జూలైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను. అనగా మాదాపూరున సైబర్ టవర్సు 1998లో తెరువబడిన పిమ్మటను ఇరువది యైదేండ్లు, శిల్పారామమున కూచిపూడి సత్యభామలు చప్పట్లు అందుకొనుచున్న కాలమంతయు, ఆ ప్రాకారమునకు వెలుపల కూడలియొద్ద చీరె కట్టి చేయి చాచిన మనిషికి ఆ శాసనపు కత్తి తలమీద వ్రేలాడుచునే యుండెను. శిల్పారామమునకు టిక్కెట్టు కొని లోనికి పోయిన మాబోటివారికి ఈ వింత తట్టలేదు. నాకును, సత్యము చెప్పవలెనన్న, ఆ తీర్పు వార్త చదువునంతవరకు తట్టలేదు.

కూచిపూడివారి సంగతి ఇక్కడనే రెండు మాటలు. ఆ గ్రామపు బ్రాహ్మణ బాలుడు జీవితమున ఒక్కసారియైన సత్యభామ వేషము వేయవలెనని సిద్ధేంద్రయోగి నియమించెనని చెప్పుదురు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషముననే దేశమంతట కీర్తి గడించి, 1970లో పద్మశ్రీయై, 2012లో గతించిరి. హర్షితా కామత్‌గారు 2019లో ప్రకటించిన ఆంగ్ల గ్రంథమున ఆ గ్రామమున స్త్రీవేషము మగతనమునకు లోపము కాదనియు, ఆ కులపు మగవాని అధికారమునకు అదియే గుర్తు అనియు నిరూపింప జూచిరి. ఆ మాట చదివినపుడు నాకు తోచినదేమనగా, అక్కడ పూచీకత్తు నటునికి ఊరే ఇచ్చినది, కులమే ఇచ్చినది. ఊరు వదలి నగరమునకు వచ్చిన పిమ్మట, శిల్పారామపు మెట్లమీద ఊరును కులమును ఎరుగని యువకుడు కూర్చున్నపుడు, పూచీని మరల అడిగి తెలిసికొనవలసి వచ్చుచున్నది.

చలనచిత్రము వచ్చిన పిమ్మట స్త్రీ పాత్రలు స్త్రీలకు చేరెను, మంచిదే. కాని చీరె కట్టిన మగవాని గతి యేమైనది? అక్కినేని నాగేశ్వరరావుగారు బాల్యమున నాటకములలో స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకొనిరి. 1953 దేవదాసున మగవాడు సిగ్గుపడక కన్నీరు కార్చిన తీరు, మెడ వాల్చిన తీరు, ఆ పాత అభ్యాసమునుండియే వచ్చినవని నా యభిప్రాయము. తెలుగు తెరకు ఆ మెత్తదనము మరల అంతగా దొరకలేదు. నందమూరి తారకరామారావుగారి కథ వేరు. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారు ఆయనకు రాచమల్లుని దౌత్యము నాటకమున నాగమ్మ వేషమిచ్చిరి. ఆయన మీసము తీయనని పట్టుపట్టి మీసముతోనే రంగమెక్కి, "మీసాల నాగమ్మ" యను బిరుదు సంపాదించెను. ఈ కథను తెలుగువారు నవ్వుచు చెప్పుకొందురు, నేనును నవ్వితిని. కాని ఆ మీసము ఆయనొక్కని పట్టుదల కాదు. తరము మారుచున్నదని అది చెప్పుచున్నది. స్థానంవారికి మీసము తీయుట కళ. తరువాతివానికి మీసము తీయుట గండము.

ఆ తారకరామారావుగారే 1963లో కమలాకర కామేశ్వరరావుగారి నర్తనశాలలో బృహన్నల యైరి. జడ, గాజులు, పైట, గజ్జెలు. నేను ఆ చిత్రమును పలుమార్లు చూచితిని. ఉత్తరకు నాట్యము నేర్పు చోట ఆయన చేతులలో ఎక్కడను వెక్కిరింత లేదు. తిక్కనగారి విరాటపర్వము చదివినవారికి ఆ సంయమము విలువ తెలియును. అయినను కథ తన పూచీని తానే మోసికొని వచ్చినది. అది ఊర్వశి శాపము, ఒక్క యేడాది గడువు, చివరకు గాండీవము. ప్రేక్షకుడు ఏ క్షణమునను అర్జునుని మరవడు, మరవనీయరు. ఆ తరువాతి కాలమున గాండీవము కూడ పోయినది. 1994లో వచ్చిన మేడమ్ వంటి చిత్రములలో చీరె కట్టిన మగవాడు నవ్వించుటకు వచ్చినవాడు. హాస్యమును నేను ఖండింపను. మంచి హాస్యమునకు నేనును దాసుడనే. కాని కన్నీరు పెట్టింపగల ఒక కళ, రెండు తరములలో, నవ్వించుటకు మాత్రమే పనికివచ్చునదియయ్యెను.

స్నేహమును గూర్చి చెప్పక ఈ విషయము ముగియదు. మన పద్యనాటకమునకు మగవారి స్నేహమును గూర్చి సిగ్గులేని భాష యొకటి ఉండెను. చిలకమర్తివారి గయోపాఖ్యానమున కృష్ణార్జునులు యుద్ధమునకు నిలుచుదురు. వారి కోపములో కలహించిన దంపతులకుండు ఎత్తిపొడుపు కలదు. 1963లో ఆ కథయే శ్రీకృష్ణార్జున యుద్ధమై రామారావు నాగేశ్వరరావులను ఎదురెదురుగా నిలిపెను. కర్ణదుర్యోధనుల ఘట్టమున సభ సభయంతయు ఏడ్చును. ఈ స్నేహములన్నియు రహస్య ప్రేమలని చెప్పు కొత్త పఠనమొకటి ఇపుడు వినవచ్చుచున్నది. నేను దానికి ఒప్పుకొనను. ఆ స్నేహము స్నేహమే. మనకు ఈనాడు తెలిసిన స్నేహముకన్న విశాలమైనది. అందు కౌగిలింత కలదు, అలుక కలదు, ప్రాణమిచ్చుట కలదు. దానిలో వలపునకు చోటుండిన ఉండియుండవచ్చును. ఆ చోటిది యని వేలుపెట్టి చూపనవసరము లేనంత విశాలముగా నుండెను. పూచీకత్తు అడుగుట ఆరంభించిన దినమున ఆ విశాలత నశించినది. ప్రేమించినవాడు దాగికొనెను. ప్రేమింపనివాడు, తనను ప్రేమించినవాడని యనుకొందురేమోయని, స్నేహితుని భుజముమీద చేయి తీసివేసెను. నష్టపోయినవారు ఇద్దరును.

చీనా దేశమున 1993లో వచ్చిన ఫేర్‌వెల్ మై కాన్‌క్యుబైన్ అను చిత్రము ఈ విషయమునే ఎత్తుకొన్నది. పెకింగు సంగీతనాటకమున రాజు వేషము వేయువాడు, రాణి వేషము వేయువాడు. రాణి వేషధారి రంగము దిగినను రాజును ప్రేమించును. ఆ చిత్రము అతనిని అపహసింపలేదు, అతని తరపున ప్రమాణము చేయలేదు. అర్ధశతాబ్దపు దేశచరిత్ర నడుమ అతని దుఃఖమును నిలిపెను. మనకు అట్టి స్థానమునుగూర్చి అట్టి నవల లేదు, చిత్రము లేదు. 2023లో కృష్ణవంశిగారి రంగమార్తాండలో వృద్ధులైన ఇద్దరు నటుల స్నేహము హృద్యముగా వచ్చినది. ప్రకాశ్‌రాజుగారును బ్రహ్మానందముగారును కలిసిన ఘట్టములే ఆ చిత్రమునకు ప్రాణము. అంతటి స్నేహమును చూపగలిగిన చేయి, మరియొక అడుగు వేయుటకు ఏల జంకవలెను?

జంకునకు కారణమొకటి నిన్నమొన్నటివరకు ఉండెను. 1860 నాటి శిక్షాస్మృతి 377వ విభాగము ఇద్దరు పురుషుల వలపును నేరము చేసినది. 2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానము వయస్సు వచ్చినవారి విషయమున దానిని కొట్టివేసెను. వివాహపు హక్కును గూర్చిన వ్యాజ్యమున మొదటి వాదులు మన హైదరాబాదు నివాసులగు ఇద్దరు పురుషులే. 2023 అక్టోబరులో తీర్పు వారికి ప్రతికూలముగా వచ్చినది. కనుక "పెళ్లయిందా?" అను ప్రశ్న మరియొక విధముగా నేడును నిలిచియున్నది. కొందరికి దానికి బదులు చెప్పు త్రోవయే చట్టమున లేదు. ఆ యువకుని ప్రక్కబల్లమీద పనిచేయువాడే అట్టివాడు కావచ్చును. ఆతడు ఆ రాత్రి ఆ వెనుక వరుసలోనే కూర్చుండియుండిన, "అయితే సరే" యను మాట ఆతని చెవికి ఎట్లు వినబడియుండును?

ఇంతవరకు పరుల మాట చెప్పితిని. మా యింటి మాట యొకటి చెప్పెదను. మా మాతామహులు తెనాలి ప్రాంతపు ఒక చిన్న నాటకసమాజమున పదునైదేండ్లు స్త్రీవేషములు వేసిరి. వారికి జోడుగా హరిశ్చంద్రుడు, కృష్ణుడు వేసిన మిత్రుడొకరుండిరి. ఆయన పెండ్లి చేసికొనలేదు. సమాజము విడిపోయిన పిమ్మట ఏటేట సంక్రాంతికి మా తాతగారి యింటికి వచ్చి, పది దినములుండి పోవుచుండెడివారు. మేము పిల్లలము ఆయనను నాటకాల తాతయ్య అనెడివారము. రాత్రులు అరుగుమీద రెండు మంచములు వేసికొని ఇద్దరును పద్యములు చదువుచుండగా మేము నిద్రపోయెడివారము. మా మేనమామలు పెద్దవారైన కొలది ఆయన రాక వారికి ఎందుకో నచ్చకుండెను. నాలుగూళ్లవారు ఏమనుకొందురో యని ఒకనాడు భోజనములయొద్ద ఒకరు అనగా, మా అమ్మమ్మ వడ్డన ఆపి, "మీకు అన్నం పెట్టే చేత్తోనే ఆయనకూ పెడుతున్నాను. ఎవరేమనుకుంటే మనకేం?" అని, మరల వడ్డించెను.

తాతగారు 1978లో పోయిరి. ఆయన మొదటి బస్సుకే వచ్చెను. కర్మలన్ని దినములును పందిటి వెలుపల బాదముచెట్టు క్రింద కూర్చుండెడివాడు. బంధువులలో చేర్చుటకు వావి లేదు. పరాయివానినిగా పంపుటకు ఎవరికిని నోరు రాలేదు. పండ్రెండవనాడు బట్టలు పెట్టునపుడు ఆయన పేరు జాబితాలో లేదు. మా అమ్మమ్మ లోపలినుండి ఒక పంచెల చాపును, తాతగారు మొగమునకు రంగు వేసికొనుచు వచ్చిన చిన్న అద్దమును తెచ్చి, తానే చెట్టు క్రిందికి పోయి ఆయన చేతిలో పెట్టెను. ఆయన ఆ అద్దమును ఉత్తరీయమున చుట్టుకొని, ఆ సాయంకాలపు బస్సుకు పోయెను.